ఇంజిన్ మారిన కారు: ఎంఓటీ పాసైతే బీమాకు చెప్పినట్టేనా?

క్లుప్తంగా

బ్రిటన్‌లో కారు ఇంజిన్ మారిస్తే ఆ మార్పుతో పని పడే చోట్లు మూడు: బీమా కంపెనీ, వాహనాల రిజిస్టరును నిర్వహించే డీవీఎల్‌ఏ, ఏటా ఫిట్‌నెస్ పరీక్ష జరిపే ఎంఓటీ కేంద్రం. ఈ మూడూ అడిగే ప్రశ్నలు వేరు. ఒకచోట ఇచ్చిన సమాధానం మరోచోటికి దానంతట అది చేరదు. ఎంఓటీ పాసవడం బీమా కంపెనీకి చెప్పినట్టు కాదు. రిజిస్ట్రేషన్ పత్రంలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కినంత మాత్రాన బీమా కంపెనీ ఒప్పుకున్నట్టూ కాదు.

పాత కారు బాడీ గట్టిగానే ఉండి ఇంజిన్ మాత్రం చెడిపోయినప్పుడు, కొత్త కారు కొనేకంటే మరో ఇంజిన్ వేయించడం చాలాసార్లు చవకగా తేలుతుంది. మరికొందరు నడుస్తున్న ఇంజిన్‌నే తీయించి, అదే కారులో ఎక్కువ శక్తి గలదాన్ని పెట్టించుకుంటారు. ఈ రెండింటినీ బ్రిటన్ చట్టం నిషేధించలేదు. చిక్కంతా ఆ తరువాతి కాగితాల దగ్గర మొదలవుతుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రం కారును చూసి పాస్ చేసింది కాబట్టి అన్నీ సక్రమంగా ఉన్నట్టేనన్న నమ్మకం చాలామందిలో కనిపిస్తుంది. ఆ పరీక్ష దేనికోసం పుట్టిందో, ఏం కొలుస్తుందో చూస్తే ఈ నమ్మకానికి ఆధారం లేదని తెలుస్తుంది.

ఒకే పేరుతో మూడు రకాల పనులు

ఇంజిన్ మార్పిడి అనే మాట కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. చెడిన ఇంజిన్ తీసేసి అదే రకం, అదే సీసీ, అదే ఇంధనం గల ఇంజిన్ వేయడం మొదటిది. ఇందులో కారు స్వభావం మారదు. ఇంజిన్ బ్లాక్ (ఇంజిన్ ప్రధాన లోహపు దిమ్మ) మీద చెక్కిన నంబరు ఒక్కటే మారుతుంది. అదే మోడల్‌కు తయారీదారు ఇచ్చిన మరో ఇంజిన్‌ను పెట్టడం రెండోది: 1.2 లీటర్ల ఇంజిన్‌తో వచ్చిన కారులో, ఆ మోడల్‌లోనే ఖరీదైన కారుకు ఇచ్చిన 1.6 లీటర్ల ఇంజిన్ వేయడం వంటిది. ఆ కారుకు ఎన్నడూ ఉద్దేశించని ఇంజిన్‌నో, పెట్రోలు ఇంజిన్ స్థానంలో బ్యాటరీ, మోటారునో అమర్చడం మూడోది.

బీమా దృష్టిలో మొదటిది సాధారణంగా మరమ్మతు కిందికి వస్తుంది, మిగతా రెండూ మార్పులు. రిజిస్టరు దృష్టిలో మూడూ మార్పులే, ఎందుకంటే అందులో ఇంజిన్ నంబరుకు ప్రత్యేకంగా ఒక గడి ఉంది. ఎంఓటీ కేంద్రానికి మాత్రం ఇంజిన్ ఏ కారు నుంచి వచ్చిందన్న దానితో పని తక్కువ. అది ఏ ఇంధనంతో నడుస్తుంది, కారు వయసెంత, పొగ ఎలా ఉంది అన్నవే దానికి కావాలి. ఒకే పనికి మూడు చోట్ల మూడు పేర్లు పడటమే గందరగోళానికి మూలం.

బీమా: అడిగిన ప్రశ్న, ఇచ్చిన జవాబు

బీమా కంపెనీ ప్రీమియం లెక్కకట్టేది తయారీదారు ఇచ్చిన రూపంలో ఉన్న కారుకు. బ్రిటన్‌లో చాలాకాలంగా కార్లను 1 నుంచి 50 వరకు గ్రూపులుగా విభజించే పద్ధతి ఉంది, 2024 నుంచి కొత్త మోడళ్లకు దాని స్థానంలో మరో రేటింగ్ పద్ధతి వస్తోంది. విడిభాగాల ధర, మరమ్మతుకయ్యే ఖర్చు, కారు వేగం, దొంగతనం నుంచి దానికున్న రక్షణ వంటివి చూసి గ్రూపు నిర్ణయిస్తారు. ఎక్కువ శక్తి గల ఇంజిన్ లోపలికి వెళ్లగానే ఆ గ్రూపు నంబరు ఆ కారును వర్ణించడం మానేస్తుంది. బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు పాత ఇంజిన్ బరువుకూ వేగానికీ తగినట్టు చేసినవి. కొత్త ఇంజిన్‌తో అవి సరిపోతాయా అన్నది బీమా కంపెనీకి వెంటనే వచ్చే సందేహం, అది న్యాయమైన సందేహం కూడా. అందుకే కొన్ని కంపెనీలు ఇంజనీరు తనిఖీ నివేదిక అడుగుతాయి, కొన్ని ప్రీమియం పెంచుతాయి, కొన్ని అసలు బీమా ఇవ్వబోమంటాయి. మార్పులు చేసిన కార్లకే ప్రత్యేకంగా పాలసీలిచ్చే కంపెనీలూ ఉన్నాయి.

చెప్పవలసిన బాధ్యత ఎవరిది, ఎంతవరకు అన్న విషయంలో చట్టం పదేళ్ల కిందటే గట్టి మలుపు తిరిగింది. 1906 నాటి సముద్ర బీమా చట్టం నుంచి వచ్చిన పాత సూత్రం ప్రకారం, కంపెనీ అడిగినా అడగకపోయినా తన నిర్ణయాన్ని ప్రభావితం చేయగల ప్రతి ముఖ్య విషయాన్నీ బీమా తీసుకునేవారే స్వయంగా బయటపెట్టాలి. సాధారణ వినియోగదారుల విషయంలో ఈ భారాన్ని 2012లో చేసిన వినియోగదారుల బీమా చట్టం తొలగించింది. 2013 ఏప్రిల్ 6 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టం ప్రకారం, కంపెనీ అడిగిన ప్రశ్నలకు తప్పుడు సమాచారం ఇవ్వకుండా తగిన జాగ్రత్త తీసుకోవడమే వినియోగదారుడి బాధ్యత. అంటే ప్రశ్న స్పష్టంగా అడగవలసిన పని కంపెనీది. "తయారీదారు ఇచ్చిన రూపం నుంచి కారులో మార్పులేమైనా చేశారా?" అన్న ప్రశ్న దరఖాస్తులో ఉంటే, ఇంజిన్ మార్చిన యజమాని లేదు అని రాయడానికి వీల్లేదు.

ఈ చట్టంలో ఎక్కువమంది గమనించని అంశం ఒకటుంది. రెన్యువల్ సమయంలో కంపెనీ పాత వివరాలు పంపి, అవి సరైనవో కావో ధ్రువీకరించమనో, మారితే సవరించమనో అడుగుతుంది. ఆ కాగితం చదవకుండా ఊరుకోవడం కూడా తప్పుడు సమాచారం ఇచ్చినట్టు కావచ్చని చట్టం స్పష్టంగా చెబుతోంది. మార్చిలో ఇంజిన్ మార్చి, సెప్టెంబరులో పాలసీ దానంతట అది రెన్యువల్ అయిపోయిందని నిశ్చింతగా ఉన్న యజమాని ఈ నిబంధన పరిధిలోకి వస్తారు. పాలసీ నడుస్తున్న కాలంలో జరిగిన మార్పు సంగతి వేరు: దాన్ని ఎంతలోగా తెలపాలో పాలసీ షరతులే చెబుతాయి, దాదాపు అన్ని కారు పాలసీలలోనూ అటువంటి షరతు ఉంటుంది.

చెప్పకపోతే ఏమవుతుంది అన్నదానికి జవాబు, చెప్పకపోవడం వెనుక ఉన్న మనఃస్థితి మీద ఆధారపడుతుంది. ఉద్దేశపూర్వకంగా గానీ లెక్కలేనితనంతో గానీ తప్పు చెప్పారని కంపెనీ నిరూపించగలిగితే, మొదటినుంచీ పాలసీ లేనట్టే భావించి క్లెయిమ్ నిరాకరించవచ్చు. సాధారణంగా కట్టిన ప్రీమియం తిరిగి ఇవ్వనవసరం కూడా లేదు. అజాగ్రత్త వల్ల జరిగిన తప్పయితే, నిజం తెలిసి ఉంటే కంపెనీ ఏం చేసేదన్నదే కొలమానం. అసలు బీమా ఇచ్చేదే కాదనుకుంటే పాలసీని రద్దు చేయవచ్చు, కానీ ప్రీమియం వెనక్కి ఇవ్వాలి. ఎక్కువ ప్రీమియం తీసుకుని ఇచ్చేదయితే క్లెయిమ్‌ను అదే నిష్పత్తిలో తగ్గించవచ్చు.

ఈ నిష్పత్తి లెక్కను ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. యజమాని కట్టిన ప్రీమియం 600 పౌండ్లు. పెద్ద ఇంజిన్ సంగతి తెలిసి ఉంటే కంపెనీ 900 పౌండ్లు వసూలు చేసేది. కట్టింది కట్టవలసిన దానిలో మూడింట రెండు వంతులు. కాబట్టి 6,000 పౌండ్ల నష్టానికి చేతికొచ్చేది 4,000. ఏడాదికి 300 పౌండ్లు మిగిలిందనుకున్నచోట ఒక్క ప్రమాదంతో 2,000 పౌండ్లు పోయాయి. మరమ్మతు బిల్లు ఎంత పెద్దదయితే ఈ కోత అంత పెరుగుతుంది.

తెలియక జరిగినదాని విషయంలో చట్టం కఠినంగా లేదు. సెకండ్‌హ్యాండ్ కారు కొన్న వ్యక్తికి, ముందటి యజమాని ఇంజిన్ మార్చిన సంగతి తెలిసే అవకాశమే లేకపోతే, తగిన జాగ్రత్త తీసుకుని జవాబిచ్చిన ఆ కొనుగోలుదారుణ్ని దోషిగా చూడరు. వివాదం తెగకపోతే, వినియోగదారులకూ ఆర్థిక సంస్థలకూ మధ్య తగాదాలు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీసుకు వెళ్లే దారి ఉంది.

ఎదుటివారికి జరిగిన నష్టం మాటేమిటి?

బీమా చెల్లదంటే ప్రమాదంలో గాయపడిన ఎదుటి వ్యక్తి గతి ఏమిటన్న ప్రశ్న సహజం. 1988 రోడ్డు రవాణా చట్టం ఇక్కడ కంపెనీ చేతులు కట్టేస్తుంది. ఆ చట్టంలోని 148వ సెక్షన్ ప్రకారం వాహనం స్థితి, ఇంజిన్ అశ్వశక్తి లేదా సిలిండర్ సామర్థ్యం, వాహనం విలువ వంటి కారణాల మీద పాలసీలో పెట్టిన ఆంక్షలు, తప్పనిసరి బీమా కిందికి వచ్చే మూడో వ్యక్తి నష్టం విషయంలో చెల్లవు. ఇంజిన్ సీసీ మారిందన్న సాకుతో బాధితుడికి పరిహారం ఎగ్గొట్టడానికి వీలులేకుండా చట్టం ఆ మాటనే పేరుపెట్టి రాసింది. 151వ సెక్షన్ కింద కోర్టు తీర్పు మేరకు కంపెనీ బాధితుడికి చెల్లించవలసి ఉంటుంది.

అయితే ఈ రక్షణ బాధితుడిది, యజమానిది కాదు. ఆ ఆంక్షల వల్ల తాము కట్టనవసరం లేని సొమ్మును బాధితుడికి కట్టాక, కంపెనీ దాన్ని పాలసీదారు నుంచి రాబట్టుకోవచ్చు. తీవ్రంగా గాయపడిన మనిషికి ఇచ్చే పరిహారం కారు ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి, సొంత కారు క్లెయిమ్‌లో పడే కోత కన్నా భయపడవలసింది ఈ వసూలు గురించే. బీమాకు సంబంధించిన చర్చలన్నీ సొంత కారు చుట్టూ తిరుగుతుండటంతో ఈ అంశం మరుగున పడిపోతోంది.

ఎంఓటీ ఏం చూస్తుంది, ఏం చూడదు

ఎంఓటీ అన్నది మినిస్ట్రీ ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్ అనే పాత శాఖ పేరులోని మొదటి అక్షరాలు. 1960లో ఈ పరీక్ష మొదలైనప్పుడు పదేళ్లు దాటిన వాహనాలకు బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ మాత్రమే చూసేవారు. 1967లో ఆ పదేళ్లు మూడేళ్లయ్యాయి. పెట్రోలు కార్ల పొగను కొలవడం 1991లోగానీ రాలేదు. రోడ్డు మీద మరొకరికి ప్రమాదం కాకూడదన్న లక్ష్యంతో పుట్టిన పరీక్ష ఇది. కారు గుర్తింపును, దాని చరిత్రను ధ్రువీకరించడం దీని పనిగా ఎప్పుడూ లేదు. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్‌ల స్థితి ఈ పరీక్ష కిందికి రాదని ప్రభుత్వమే చెబుతుంది. పరీక్షకుడు ఛాసిస్ నంబరు చూస్తాడు, నంబరు ప్లేటు చూస్తాడు. బ్లాక్ మీది ఇంజిన్ నంబరును రిజిస్టరుతో సరిపోల్చి చూడవలసిన పని అతనికి లేదు.

అలాగని ఇంజిన్ మార్పు పరీక్షలో కనబడకుండా పోదు. ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్‌లు వదులుగా ఉన్నాయా, ఇంధన పైపులు కారుతున్నాయా, సైలెన్సర్ మోత హద్దు మీరిందా అన్నవి చూస్తారు. 2003 జూలై 1 తర్వాతి పెట్రోలు కార్లలో, 2008 జూలై 1 తర్వాతి డీజిల్ కార్లలో డాష్‌బోర్డు మీద ఇంజిన్ లోపాన్ని సూచించే దీపం వెలుగుతూ ఉంటే ఫెయిల్ చేస్తారు. వేరే కారు నుంచి తెచ్చిన ఇంజిన్‌కూ ఈ కారు వైరింగుకూ పొత్తు కుదరనప్పుడు ముందుగా వెలిగేది ఆ దీపమే.

అసలు పరీక్ష పొగ దగ్గర జరుగుతుంది. సైలెన్సర్ గొట్టంలోకి పొడవాటి లోహపు గొట్టం దూర్చి, ఇంజిన్‌ను నిర్ణీత వేగంలో తిప్పుతూ వచ్చే వాయువును యంత్రం కొలుస్తుంది. కొలతకు వాడే ప్రమాణం కారు వయసును బట్టి మారుతుంది. 1975 ఆగస్టుకు ముందు రోడ్డెక్కిన పెట్రోలు కార్లకు పొగను కంటితో చూస్తే చాలు. ఆ తేదీ నుంచి 1986 జూలై వరకు వచ్చినవాటిలో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్‌లు 1,200 పీపీఎం (పది లక్షల భాగాల్లో 1,200) దాటరాదు. 1986 ఆగస్టు నుంచి 1992 జూలై వరకు వచ్చినవాటికి కార్బన్ మోనాక్సైడ్ హద్దు 3.5 శాతం. పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ల కాలం వచ్చాక లెక్క పూర్తిగా మారింది: వేగంగా తిప్పినప్పుడు, కారు వయసును బట్టి, కార్బన్ మోనాక్సైడ్ 0.3 లేదా 0.2 శాతం లోపు, హైడ్రోకార్బన్‌లు 200 పీపీఎం లోపు ఉండాలి. నాలుగున్నర శాతం నుంచి శాతంలో అయిదో వంతుకు దిగిన హద్దు ఇది. పాత ఇంజిన్ ఎంత బాగున్నా కొత్త ప్రమాణాన్ని అందుకోలేదు.

కారు ఒక కాలానిది, ఇంజిన్ మరో కాలానిది అయితే ఏ ప్రమాణం వర్తిస్తుంది? 2002 సెప్టెంబరు 1కి ముందు వాడకంలోకి వచ్చిన కార్ల విషయంలో, కారు వయసు, ఇంజిన్ వయసు రెండింటిలో ఏది పాతదో దాని ప్రమాణమే వాడాలని పరీక్షకుల మాన్యువల్ చెబుతుంది. 1994 నాటి కారులో 1990 నాటి ఇంజిన్ ఉంటే 1990 నాటి హద్దులు చాలు. 1990 నాటి కారులో 1998 నాటి ఇంజిన్ పెట్టినా 1990 హద్దులే, ఎందుకంటే అక్కడ కారు పాతది. కానీ ఇంజిన్ పాతదని నిరూపించే భారం కారు తెచ్చినవారిది. తయారీ సంవత్సరం తెలిపే కాగితం చేతిలో లేకపోతే పరీక్షకుడు కారు వయసునే ఆధారం చేసుకుంటాడు, కన్వర్టర్ లేని ఇంజిన్ అక్కడ ఫెయిలవుతుంది. 2002 సెప్టెంబరు తర్వాతి కార్లకు ఈ వెసులుబాటు లేదు. వాటిలో ఏ ఇంజిన్ ఉన్నా కారు వయసును బట్టే పరీక్ష. డీజిల్‌తో నడిచే వాటికి పొగ సాంద్రత కొలిచే పద్ధతి వేరుగా ఉంది, బ్యాటరీ కార్లకు పొగ పరీక్షే లేదు.

ఇంజిన్ మార్చిన వెంటనే పాత ఎంఓటీ రద్దయిపోదు. గడువు తేదీ వరకు అది చెల్లుతుంది. అయినా ప్రమాదకరమైన స్థితిలో వాహనం నడపడం 1988 చట్టం కింద విడిగా నేరం. కొత్త ఇంజిన్ బరువుకు పాత బ్రేకులు చాలని కారు, చేతిలో ఎంఓటీ కాగితం ఉన్నా, ఆ నేరం నుంచి తప్పించుకోలేదు.

నలభై ఏళ్లు దాటిన కార్లు

2018 మే 20 నుంచి నలభై ఏళ్లు దాటిన కార్లకు ఎంఓటీ మినహాయింపు ఉంది, గత ముప్పై ఏళ్లలో గణనీయమైన మార్పు జరగలేదన్న షరతు మీద. ఆ మోడల్‌కు తయారీదారు అప్పట్లో ఇచ్చిన మరో ఇంజిన్, లేదా అదే మూల ఇంజిన్‌లో వేరే సీసీది పెడితే గణనీయమైన మార్పుగా లెక్కించరు. సిలిండర్ల సంఖ్య మారితే మాత్రం ఆ ఇంజిన్ అప్పటిది కాకపోవచ్చన్న అనుమానానికి తావుంటుంది. మినహాయింపు పొందిన కారుకు కూడా బీమా కంపెనీ ప్రశ్నలు మామూలే.

రిజిస్టరులో ఇంజిన్ నంబరు

వి5సి అని పిలిచే రిజిస్ట్రేషన్ పత్రాన్ని వాడుకలో లాగ్‌బుక్ అంటారు. ఇంజిన్ నంబరు, సీసీ, ఇంధనం ఈ మూడింటిలో ఏది మారినా ఆ పత్రంలో సవరించి, రుజువుతో కలిపి స్వాన్సీలోని డీవీఎల్‌ఏకు పంపాలి. ఇంజిన్ కొన్న రశీదు, తయారీదారు లేఖ, బీమా కోసం చేయించిన తనిఖీ నివేదిక వంటివి రుజువుగా పనికొస్తాయి. కారు కొనకముందే మార్పు జరిగి ఉంటే గ్యారేజీ తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ధ్రువీకరణ చాలు. బీమా కోసం చేయించిన నివేదిక ఇక్కడా పనికొస్తుందన్నది గుర్తుంచుకోదగ్గది. ఒక ఖర్చుతో రెండు పనులు తీరతాయి.

ఈ నమోదు ప్రభావం పన్ను మీద కూడా పడుతుంది. 2001 మార్చి 1కి ముందు రిజిస్టరైన కార్లకు పన్ను ఇంజిన్ పరిమాణాన్ని బట్టి ఉంటుంది, 1,549 సీసీ వరకు ఒక రేటు, ఆపైన మరో రేటు. 1.4 లీటర్ల స్థానంలో 1.8 లీటర్లది వేస్తే రేటు మారిపోతుంది. ఆ తేదీ నుంచి 2017 మార్చి వరకు రిజిస్టరైన కార్లకు పన్ను ఆధారం కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం, ఆ తర్వాతివాటికి మొదటి ఏడాది పన్నుకు మాత్రమే అది ఆధారం. లండన్‌లో కాలుష్య నియంత్రణ పరిధి 2023 ఆగస్టు 29 నుంచి నగరమంతటికీ విస్తరించింది. పెట్రోలుకు యూరో 4, డీజిల్‌కు యూరో 6 ప్రమాణం అందుకోని కార్లు రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. అటువంటి చోట రిజిస్టరులో డీజిల్ అనే ఉండిపోతే, ఇంజిన్ మారినా చిక్కులు తప్పవు.

నమోదుకు మరో ప్రయోజనం దొంగతనాలను అడ్డుకోవడం. కారు అమ్మేటప్పుడు రిజిస్టరులోని నంబరుకూ బ్లాక్ మీది నంబరుకూ పొంతన లేకపోతే, కొనేవారికి మొదట వచ్చే అనుమానం దొంగ సొత్తు గురించే.

మిగతా దేశాల దారి

జర్మనీలో పద్ధతి తలకిందులుగా ఉంటుంది. అక్కడి వాహన నిబంధనల 19వ సెక్షన్ ప్రకారం ఆమోదించిన వాహన రకాన్ని మార్చే పని, పొగను లేదా మోతను పెంచే పని చేస్తే వాహనపు అనుమతే రద్దవుతుంది. నిపుణుడు పరీక్షించి ఒప్పుకున్నాకే మళ్లీ రోడ్డెక్కాలి. భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు వివరాలకు భిన్నమైన మార్పును సాధారణంగా నిషేధిస్తుంది. అనుమతి లేకుండా ఇంజిన్ మార్చితే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలపాలంటుంది. ఆ రెండు చోట్లా ప్రభుత్వ అధికారో నిపుణుడో గుమ్మంలో నిలబడి ఉంటారు. బ్రిటన్‌లో గుమ్మం తెరిచే ఉంటుంది, మార్చిన తర్వాత చెప్పమంటారు. ఇక్కడి స్వేచ్ఛ పెద్దది, కానీ మార్పు సురక్షితమో కాదో ముందుగా తేల్చే అధికారి లేకపోవడంతో ఆ భారం ఆచరణలో బీమా కంపెనీ ప్రశ్నపత్రం మీదికి చేరింది. ఒక ప్రైవేటు ఒప్పందానికి ఇంత బరువు ఎందుకొచ్చిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పని జరగవలసిన వరుస

ఇంజిన్ కొనకముందే బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగడం అన్నిటికంటే మేలు. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ సంగతి డబ్బు ఖర్చు కాకముందే తెలుస్తుంది. ఒప్పుకుంటే ఏ షరతు మీద, ఏ తేదీ నుంచి అన్నది కూడా రాతలో ఉండాలి. ఫోనులో చెప్పిన మాటకు క్లెయిమ్ నాటికి సాక్ష్యం దొరకదు. ఇంజిన్ ఎక్కగానే డీవీఎల్‌ఏకు లాగ్‌బుక్, రశీదు పంపాలి. ఎంఓటీకి వెళ్లే రోజున ఇంజిన్ తయారీ సంవత్సరం తెలిపే కాగితం వెంట ఉండాలి.

ఈ మూడు చోట్లకూ కావలసిన రుజువు ఒక్కటే, అది చేతికి చిక్కే సమయం చాలా తక్కువ. చాలా ఇంజిన్లలో నంబరు బ్లాక్ పక్కన చదును చేసిన చిన్న భాగం మీద చెక్కి ఉంటుంది. ఇంజిన్ గ్యారేజీ నేల మీద ఉన్నప్పుడు గుడ్డతో నూనె మడ్డి తుడిస్తే అది తేటగా కనిపిస్తుంది. అదే ఇంజిన్ బానెట్ కిందికి దిగి, దాని మీదికి ఆల్టర్నేటరు, మ్యానిఫోల్డు, పైపులు చేరాక, ఆ నంబరు చదవాలంటే అద్దం, టార్చి కావాలి, ఒక్కోసారి సగం భాగాలు మళ్లీ విప్పవలసి వస్తుంది. అందువల్ల నంబరును ఫొటో తీసి, ఇంజిన్ ఏ కారు నుంచి వచ్చిందో ఆ కారు రిజిస్ట్రేషన్ నంబరుతో సహా రశీదు మీద రాయించుకోవడం ఇంజిన్ బానెట్ కిందికి దిగకముందే పూర్తి కావలసిన పని.